అమ్మాయి ఎలాంటిదండీ?

ఢిల్లీలో ఉండే తెలుగువాళ్లకు ముక్కూ మొహం తెలియని నంబర్ల నుంచి వచ్చే ఫోన్లు రెండు రకాలు. మొదటిది సిఫార్సు. రైలు టికెట్టు వెయిటింగులో ఉంది, ఎవరైనా ఎంపీగారి కోటాలో వేయించండి. కొండమీద దర్శనానికి ఒక ఉత్తరం ఇప్పించండి. పెద్దాసుపత్రిలో డాక్టరుగారితో ఒక మాట చెప్పించండి. నేను ఒక ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తాను. నా మాట పక్క సీటులో ఉన్నవాడే వినడు. అయినా ఢిల్లీలో ఉంటున్నానంటే చాలు, నేను రోజూ మంత్రులతో టీ తాగుతున్నట్టే ఊళ్లో వాళ్ల లెక్క.

రెండో రకం వాకబు. ఎక్కడో ఒక పెళ్లి సంబంధం అనుకుంటూ ఉంటారు. పిల్లో పిల్లాడో ఢిల్లీలో ఉంటారు. బావమరిది తోడల్లుడి ఆఫీసులో పనిచేసే మనిషి ద్వారా నా నంబరు సంపాదిస్తారు. మొదట మాది ఏ ఊరో, మా పిల్లలేం చదువుతున్నారో, ఇక్కడ చలి ఎలా ఉందో అడుగుతారు. ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు ప్రశ్న అడుగుతారు. "అమ్మాయి ఎలాంటిదండీ?"

ఎలాంటిదండీ అంటే మాట మీద నిలబడుతుందా, ఎదుటి మనిషి కష్టం చూస్తే ఆగుతుందా అని కాదు. అవి ఎవరికీ అక్కర్లేదు. ఆ ప్రశ్నకు అర్థం ఒక్కటే, అడిగేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. నాకు ఆ ప్రశ్న వింటేనే ఒళ్లు మండుతుంది. మండి ఏం లాభం, జవాబు చెప్పకుండా ఫోను పెట్టేస్తే అదీ ఒక జవాబే అవుతుంది.

మయూర్ విహార్‌లో మాది పాత హౌసింగ్ సొసైటీ. మెట్లబిల్డింగుకు తర్వాతెప్పుడో బయట అతికించిన లిఫ్టు, కింద కాస్త పార్కు. మా బ్లాకులో తెలుగిళ్లు మూడు. రెండో అంతస్తులో మేము. కింద బాబాయిగారు. బాబాయిగారంటే మాకు చుట్టమేమీ కాదు, గుంటూరు వైపు మనిషి, కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఇక్కడ అందరూ అందరినీ అంకుల్ అంటారు గానీ నా గోదావరి నోటికి ఆ పిలుపు రాలేదు. పై అంతస్తులో ఒక చిన్న ఫ్లాటులో ఒంటరిగా అద్దెకుండే వరంగల్ అమ్మాయి. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

ఆ పిల్ల అంటే నాకు ఇష్టమని ముందే చెప్పేస్తున్నాను. ఆదివారం పూట వచ్చి మా వంటింటి గట్టుమీద కూర్చుని, గోంగూర పచ్చడి జాడీలో నేరుగా చెంచా పెట్టేది. నేను కసిరితే నవ్వేది. ఆ నవ్వు కింద పార్కు దాకా వినిపించేది. ఆటోవాళ్లతో హిందీలో పోట్లాడి వచ్చి, ఆ పోట్లాటంతా మళ్లీ నాకు తెలంగాణ యాసలో వినిపించేది. మా ఇద్దరు మగపిల్లలూ పదో మాట తర్వాత హిందీలోకి దిగిపోతారు. ఇంట్లో నాతో తెలుగులో కడుపునిండా మాట్లాడేది ఆ పిల్ల ఒక్కతే.

పోయినేడు వానాకాలం చివర ఆమెకు డెంగీ వచ్చింది. ఒక సాయంత్రం లేచి నిలబడలేకపోయింది. మా ఆయన ఊళ్లో లేడు. నేను కిందికి పరిగెత్తి బాబాయిగారితో చెప్తే, ఆయన కట్టుకున్న లుంగీతోనే కారు తీసి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ గట్టిగా మాట్లాడి బెడ్డు ఇప్పించారు. ఆయన మంచితనం గురించి నాకు అనుమానం ఎప్పుడూ లేదు, ఇప్పటికీ లేదు. అదే నా బాధ.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కూడా ఆ పిల్ల మంచం దిగలేదు. వాళ్ల నాన్నకు సరిగ్గా అప్పుడే ఏదో ఆపరేషన్, తల్లి వెంటనే బయల్దేరలేకపోయింది. నాకు ఆఫీసులో ఆడిట్ జరుగుతోంది, సెలవు దొరకలేదు. అప్పుడు ఆమెతో పనిచేసే ఒక కుర్రాడు, లక్నో పిల్లాడు, వచ్చి ఆ ఫ్లాటులో కొన్ని రోజులున్నాడు. కిచిడీ వండేవాడు, జ్వరం చూసేవాడు, కొబ్బరినీళ్లు పట్టించేవాడు. హాల్లో చాపమీద పడుకునేవాడు. ఆఫీసు నుంచి వచ్చాక నేను చారు పట్టుకెళ్తే, తలుపు తీసి "నమస్తే ఆంటీ, ఆజ్ థోడా ఖాయా" అని, ఇవాళ కాస్త తిందని సంబరంగా చెప్పేవాడు. తర్వాత వాళ్లమ్మ వచ్చింది. విషయమంతా విని ఆ కుర్రాడికి రెండు చేతులూ జోడించింది. వాడు సిగ్గుపడి, ఆమె కాళ్లకు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. అంతటితో అయిపోయిందనుకున్నాం.

ఈ చలికాలంలో ఆ పిల్లకు సంబంధం వచ్చింది. ఖమ్మం వాళ్లు, అబ్బాయి గుర్గావ్‌లో ఉద్యోగం. పెద్దవాళ్లు ముందు వీళ్లిద్దరినీ మాట్లాడుకోమన్నారు. మెట్రో పట్టుకుని ఒకళ్ల వైపు ఒకళ్లు వచ్చి కాఫీలు తాగారు. ఒక ఆదివారం గట్టుమీద కూర్చుని, పచ్చడి జోలికి పోకుండా, నాతో అంది.

"మంచోడే ఆంటీ. నేను మాట్లాడుతుంటే ఫోన్ దిక్కు సూడడు."

"అంతేనా?"

"గంతకంటే ఏంగావాలె ఆంటీ? డెంగీ సంగతి గూడ చెప్పిన. మా దోస్తు వచ్చి ఉన్నడని చెప్పిన. 'అట్లాంటి దోస్తులుంటే అదృష్టం' అన్నడు."

ఆమె మొహం చూస్తే నాకు ముచ్చటేసింది. ఆ పెళ్లి జరగాలని నేను కూడా గట్టిగా కోరుకున్నాను. ఇక మిగిలింది వాకబే కదా, అది మన చేతిలోనే ఉంది కదా అనుకున్నాను.

ఫోను అబ్బాయి మేనమామ నుంచి వచ్చింది. ఆ గొంతు నాకు పరిచయమే. అంతకుముందు ఒకసారి కోటాలో టికెట్టు కావాలని చేసిన మనిషే. గృహప్రవేశానికి వెళ్తూ, "ఆసుపత్రిలో ఎవరికో సీరియస్‌గా ఉందని రాయించండి, తొందరగా అవుతుందట" అని ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. ఇప్పుడు గొంతు సవరించుకుని, "మాది చాలా పద్ధతైన కుటుంబమండీ, అందుకే నాలుగుచోట్ల అడుగుతున్నాం" అన్నాడు.

అమ్మాయి బంగారమని చెప్పాను. నాకు ఆడపిల్ల లేదు, ఉంటే అలా ఉండాలని కోరుకునేదాన్నని చెప్పాను. ఆయనకు అది ఆనలేదు.

"ఇంటికి ఎవరైనా వచ్చిపోతుంటారాండీ?"

"నేను వెళ్తుంటానండీ. ఆయ్, చారు పట్టుకుని."

నవ్వాడు. ఆడవాళ్లు ఆడపిల్లల గురించి లోపలిమాట చెప్పరు లెమ్మన్నాడు. మీ కింద ఇంట్లో ఒక పెద్దాయన ఉన్నారట, నిక్కచ్చి మనిషట, ఆయన నంబరు మాకు దొరికిందిలెండి అన్నాడు.

నిక్కచ్చి మనిషే. సొసైటీ ఎన్నికల్లో ఆయన గెలిచాడని చెప్పి చప్పట్లు కొడుతుంటే, లేచి నిలబడి, నాకు పడిన వోట్లలో ఒకటి సరిగా లేదు, మళ్లీ లెక్కపెట్టండని అడిగి ఓడిపోయిన మనిషి. ఆ కథ మా సొసైటీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ వారంలోనే సంబంధం వద్దన్నారు. కారణం అమ్మాయి తండ్రికి సగం సగం చెప్పారు. నాకు మిగతా సగం తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. కిందికి వెళ్లేసరికి బాబాయిగారు పార్కులో ఎండకు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వేరుశనక్కాయలు వొలుచుకుంటున్నారు.

"ఖమ్మం వాళ్లకు ఏం చెప్పారు బాబాయిగారూ?"

"ఏముందమ్మా, ఉన్నదే చెప్పా. చాలా మంచి పిల్లని చెప్పా. కష్టపడే పిల్లని చెప్పా."

"ఇంకా?"

"ఎప్పుడైనా మగపిల్లలు వచ్చి ఉన్నారా అనడిగాడు. జొరమొచ్చినప్పుడు ఒక కుర్రాడు వచ్చి ఇంట్లోనే ఉండి చూసుకున్నాడని చెప్పా."

"అది చెప్పాలా?"

"అడిగాడమ్మా. అడిగినాక అబద్ధం ఎట్టా చెప్పేది? రేపు ఇంకో దారిన తెలిస్తే నన్నేమనుకుంటారు?"

"ఆ పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లింది మీరేగా?"

"అదీ చెప్పాగా." ఆయన మొహంలో కొంచెం కూడా తప్పు చేసిన బాధ లేదు. ఉన్నదంతా చెప్పానన్న తృప్తి మాత్రం ఉంది.

"వాళ్లమ్మ వచ్చి ఆ కుర్రాడికి దణ్ణం పెట్టింది. మీ ఎదురుగానే. అది చెప్పారా మరి?"

ఒళ్లో పడిన తొక్కలు దులుపుకున్నారు. "అది అడగలేదుగా వాడు," అన్నారు.

నా కోపం నషాళానికంటింది. అనకూడదనుకుంటూనే అనేశాను. బాబాయిగారి అబ్బాయి గుర్గావ్‌లో ఒక బెంగాలీ అమ్మాయితో ఒకే ఇంట్లో ఉంటున్నాడు. ఇది రహస్యమేమీ కాదు. బాబాయిగారి భార్య, పిన్నిగారు, గుత్తివంకాయ కూర వండితే డబ్బాలో రెండు చపాతీలెక్కువ పెట్టుకుని మరీ వెళ్తుంది, ఆ పిల్ల తింటుందని. పిన్నిగారి పుట్టినరోజుకు ఆ పిల్ల కేకు పట్టుకొచ్చి లిఫ్టులో నాకు కనిపించింది కూడా. మరి వాళ్లబ్బాయికి సంబంధాలు చూస్తున్నారు కదా, ఎవరైనా నన్నడిగితే నేనూ ఉన్నదే చెప్పనా అన్నాను.

ఆయన చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "అది వేరే సంగతమ్మా," అన్నారు నెమ్మదిగా. "అక్కడి అద్దెలు, ఆఫీసు టైములు... ఏదో సర్దుకుని ఉంటున్నారు. వాడు ఎట్టాంటోడో నాకు తెలవదా?"

"పైనున్న పిల్ల ఎట్టాంటిదో తెలవదా?"

ఆయన ఆ కాయ కూడా వొలిచారు. గుప్పెడు వేరుశనగ్గింజలు నా చేతిలో పెట్టారు. తీసుకోకూడదు, కానీ పెద్దవాడు పెడుతుంటే చెయ్యి ఎలా వెనక్కి తీసుకోను? తీసుకున్నాను. పైకి వచ్చేదాకా అవి పిడికిట్లోనే ఉన్నాయి.

ఆయన నాటకమాడి ఉంటే నాకు సులువుగా ఉండేది. తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన నిజంగానే నమ్మాడు. కొడుకు సంగతి వచ్చేసరికి అద్దెలూ టైములూ కనిపించాయి, పైనున్న పిల్ల సంగతి వచ్చేసరికి ఒక మగవాడు తలుపు తీయడం కనిపించింది. మా ఆయనతో చెప్పుకుంటే, అప్పుడు నోయిడా వెళ్తున్నాం, యూటర్న్ మరీ దూరమని రాంగ్ సైడులో కారు తోలుతూ, "లోకంలో నీతీ జాతీ లేకుండా పోయాయి," అన్నాడు. ముందు నుంచి వచ్చే స్కూటరువాడు బూతులు తిడుతున్నాడు. నువ్వు చేస్తున్నదేంటన్నాను. "అది వేరు, ఇది వేరు," అన్నాడు.

ఖమ్మం మేనమామకు నేనే ఫోన్ చేశాను. నా బతుకులో ఎవరినీ అంతగా బతిమాలలేదు. ఆయన ఎంతో మర్యాదగా విన్నాడు. "అమ్మాయిని మేమేమీ అనలేదండీ. మాకేం పట్టింపు లేదు. కానీ రేపు నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. ఆ నలుగురిలో నలుగురూ ఇదే మాట అంటారని నాకు తెలుసు. ఆ నలుగురినీ ఎక్కడ పట్టుకుని అడగాలో తెలియలేదు. పెట్టేసేముందు, ఎండాకాలం హరిద్వార్ వస్తున్నామని, టికెట్లకు నాకు చెబుతానని అన్నాడు.

ఆదివారం ఆ పిల్ల వచ్చింది. టీ తనే పెట్టింది.

"ఆయన ఫోన్ చేసిండు ఆంటీ. 'నాకేం ప్రాబ్లం లేదు, మా మామ ఒప్పుకుంటలేడు' అన్నడు."

"మరి నువ్వేమన్నావే?"

"ఏమంట? నాకు జొరమొచ్చింది, సారీ అని చెప్పిన."

నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఆగిపోయి ఏడ్చింది. నేను వీపు నిమిరాను. అంతకంటే నా చేత ఏమీ కాలేదు. నాకు ఉన్నదల్లా రెండు చేతులూ, ఒక పెద్ద నోరూ. ఆ నోరు అప్పటికే ఎక్కడ పారేసుకోవాలో అక్కడ పారేసుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు ఒంగోలు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. బాబాయిగారి అబ్బాయి గురించి. ఆవిడది చాలా మెత్తటి గొంతు. "మాకు ఒక్కతే కూతురండీ. అబ్బాయి ఎలాంటివాడండీ?" అంది.

ఇలాంటి ఫోను వస్తే ఏం చెప్పాలో అంతకుముందు ఎన్నిసార్లు అనుకున్నానో. తీరా వచ్చేసరికి అవేవీ పనికిరాలేదు. చెప్తే నేనూ బాబాయిగారు చేసిన పనే చేసినట్టు. కేకు పట్టుకొచ్చిన ఆ బెంగాలీ పిల్ల, ముక్కూ మొహం తెలియని ఒంగోలు ఇళ్లలో ఒక మాటగా మిగిలిపోతుంది. చెప్పకపోతే ఈ తల్లినీ, ఆ ఒక్కగానొక్క కూతుర్నీ మోసం చేసినట్టు. చివరికి ఒక నిర్ణయానికి వచ్చాను. అడిగితే చెప్తాను. ఎవరితోనైనా ఉంటున్నాడా అని ఆవిడ ఒక్కమాట అడిగితే చెప్పేస్తాను.

"తాగుతాడాండీ?"

"తాగడండీ."

"కోపమా?"

"నెమ్మదస్తుడేనండీ."

ఆవిడ హమ్మయ్య అంది. నేను ఆగాను. ఆగలేక నేనే అడిగాను, ఇంకేమైనా అడగాలా అమ్మా అని. ఆవిడ నవ్వింది. "మగపిల్లాడికి ఇంకేముంటాయండీ అడగడానికి!"

ఆ సంబంధం ఖాయమైంది. బాబాయిగారు స్వయంగా పైకి వచ్చి మిఠాయి డబ్బా ఇచ్చారు. "నువ్వు చాలా మంచిగా చెప్పావంటమ్మా," అని నా తలమీద చెయ్యి వేశారు, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆ బెంగాలీ పిల్ల ఏమైందో నేనడగలేదు. అడిగి ఏం చేయగలను?

పై పిల్లను ఇల్లు మారమని వాళ్లమ్మే పట్టుబట్టింది. ఎవరికీ ఏమీ తెలియని చోటైతే మంచిదని. వైశాలిలో ఇల్లు దొరికింది. సామాను టెంపోలోకి ఎక్కిస్తుండగా మా ఇంటికి వచ్చి, నిలబడే మాట్లాడింది.

"ఆంటీ, ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు. ఇంకో సంబంధం సూస్తున్నరు. ఎవరన్న మీకు ఫోన్ చేస్తే, నేనెవరో తెల్వదని చెప్పున్రి."

"అదేంటే? నీ గురించి నేను మంచిగా చెప్పనా?"

"మీరు మంచిగనే చెప్తరు ఆంటీ. ఎవరు చెడ్డగ చెప్పిన్రు? అంకుల్ గూడ మంచిగనే చెప్పిండు."

 సరేనన్నాను.

ఫోను వచ్చింది. హనుమకొండ నుంచి, పిల్లవాడి పెద్దమ్మట. ఆ అమ్మాయి పేరు చెప్పింది, ఇదివరకు ఉన్న ఇల్లని మా బ్లాకు చెప్పింది. నేను ఆఫీసు క్యాంటీనులో ఉన్నాను. చుట్టూ గోల, గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"తెలియదండీ."

"అయ్యో, ఒక్కటే బిల్డింగట గదమ్మా? తెలుగోళ్లే గద మీరు?"

"ఇది ఢిల్లీ అండీ. ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటాం. నేనెప్పుడూ చూడలేదు."

అవతల ఆవిడ నిరుత్సాహపడుతుందనుకున్నాను. గొంతులో సంతోషం వినిపించింది. "అంటే ఎవలింటికి పోదు, ఎవలతోని మాట్లాడదన్నట్టు. గట్లాంటి పిల్లే గావాలె మాకు," అంది. పక్కనున్న వాళ్లకు కూడా ఆ మాటే చెప్పడం ఫోన్లో వినిపించింది.

పెళ్లి కుదిరింది. ఆ విషయం చెప్పడానికి ఆ పిల్లే ఫోన్ చేసింది. ఖాయమైంది ఆంటీ అంది. పిల్లవాడు నీకు నచ్చాడా అని అడిగాను. మంచిగనే ఉన్నడు అంది. అతను ఫోను చూస్తాడో చూడడో చెప్పలేదు. చీరలు కొన్నారా, వంటవాళ్లెవరు, అని నేను ఏదో ఒకటి అడుగుతూ పోయాను. అన్నిటికీ ముక్తసరిగా జవాబులిచ్చి, చివరికి అసలు మాట అంది.

"మిమ్మల్ని పెండ్లికి పిలువనీకి లేదు ఆంటీ. మీరు వస్తే వాళ్లకు ఎర్కయితది."

"తెలుసే. పర్వాలేదు. నాకు సెలవు కూడా దొరకదు," అన్నాను.

సెలవు దొరుకుతుంది. ఆడిట్ ఎప్పుడో అయిపోయింది.